గూఢచారుల కొడుకు, 12 పేజీల రిపోర్టు: కెనడా వావిలోవ్ కేసు

వీసా రిజెక్ట్ అయ్యాక నాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఒక్కటే. "సార్, కోర్టుకెళ్తే జడ్జిగారు మా వాడికి వీసా ఇస్తారా?" ఇవ్వరండీ అంటాను. అవతల కాసేపు చప్పుడుండదు. మరి డబ్బు పోసి కోర్టుకెందుకు అన్న ప్రశ్న ఆ నిశ్శబ్దంలోనే వినిపిస్తుంది. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా నేను ఒక కేసు కథ చెబుతాను. కెనడాలో ఇమిగ్రేషన్ లాయర్లం ఏ పిటిషన్ రాసినా ఆ పేరు తలవకుండా రాయలేం. వావిలోవ్. మొదటిసారి విన్న మిత్రుడొకడు "వావిలాల వాళ్లా?" అన్నాడు. కాదు, రష్యన్లు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే రష్యన్ గూఢచారుల కొడుకు.

అలెగ్జాండర్ 1994లో టొరంటోలో పుట్టాడు. తల్లిదండ్రుల పేర్లు డొనాల్డ్ హీత్‌ఫీల్డ్, ట్రేసీ ఫోలీ. కెనడా దంపతులే. ఇరుగుపొరుగూ, కన్న పిల్లలూ కూడా అలాగే అనుకున్నారు. పిల్లవాడికి ఏడాది వయసప్పుడు కుటుంబం ఫ్రాన్స్ వెళ్లింది, తర్వాత అమెరికా చేరింది. 2010 జూన్ 27న మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో వాళ్ల ఇంటి తలుపు ఎఫ్‌బీఐ తట్టింది. ఆ రోజు అన్న తిమోతీ 20వ పుట్టినరోజు. అలెగ్జాండర్‌కి 16. నాన్న అసలు పేరు ఆండ్రే బెజ్రుకోవ్ అనీ, అమ్మ ఎలీనా వావిలోవా అనీ, చనిపోయిన కెనడియన్ల పేర్లు తగిలించుకుని ఏళ్ల తరబడి రష్యా కోసం పనిచేస్తున్నారనీ పిల్లలకు తెలిసింది. తల్లిదండ్రులు నేరం ఒప్పుకున్నారు. జూలైలో వియన్నా విమానాశ్రయంలో అమెరికా, రష్యా గూఢచారులను మార్చుకున్నప్పుడు వాళ్లు మాస్కో వెళ్లిపోయారు.

పిల్లవాడికి మిగిలింది ఒక ప్రశ్న. నేను ఏ దేశం వాణ్ణి?

పుట్టింది టొరంటోలో కాబట్టి కెనడా వాణ్ణే అనుకున్నాడు. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి వెళితే ఇవ్వలేదు. పౌరసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు. తెచ్చుకున్నాడు, 2013 జనవరిలో వచ్చింది. ఏడాది తిరిగాక, 2014 మే 15న, పౌరసత్వ రిజిస్ట్రార్ నుంచి లేఖ. ఆ సర్టిఫికెట్ పొరపాటున ఇచ్చినట్టుంది, మీరేమైనా చెప్పుకోవాలంటే చెప్పండి అని. అతని లాయరు వివరంగా జవాబిచ్చారు. ఆగస్టు 15న సర్టిఫికెట్ రద్దు చేస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఒక సెక్షన్‌లో మూడు ఉపవాక్యాలు

కెనడా గడ్డమీద పుట్టిన బిడ్డ పౌరుడే. పౌరసత్వ చట్టం సెక్షన్ 3 మొదటి మాటే అది. తల్లిదండ్రులు ఎవరన్నది చూడరు. దీనికి మినహాయింపు సెక్షన్ 3(2)లో ఉంది. బిడ్డ పుట్టేనాటికి తల్లిదండ్రుల్లో ఎవరికీ కెనడా పౌరసత్వం గానీ, శాశ్వత నివాసం గానీ లేకుండా, ఇద్దరిలో ఒకరు ఈ మూడు రకాల వాళ్లలో ఉంటే బిడ్డకు పౌరసత్వం రాదు. (ఎ) విదేశీ ప్రభుత్వపు దౌత్యాధికారి, కాన్సులర్ అధికారి, లేదా కెనడాలో ఆ ప్రభుత్వానికి ఇతర ప్రతినిధి లేదా ఉద్యోగి. (బి) పైవారి దగ్గర కొలువు చేసేవారు. (సి) ఐక్యరాజ్య సమితి సంస్థల్లాంటి చోట్ల పనిచేస్తూ, (ఎ)లో చెప్పినవారికి ఉన్నట్టే దౌత్య రక్షణలు ఉన్నవారు.

రిజిస్ట్రార్ పట్టుకున్న మాట (ఎ)లో చివర ఉన్న "ఇతర ప్రతినిధి లేదా ఉద్యోగి". గూఢచారి కూడా విదేశీ ప్రభుత్వం జీతమిచ్చే ఉద్యోగే కదా? కాబట్టి ఈ అబ్బాయి ఎన్నడూ పౌరుడు కాడు. తర్కం అంతే.

ఆ తర్కంలో వెంటనే తప్పు పట్టలేం. అక్కడున్న మాటలను మాత్రమే చదివితే గూఢచారి "ఉద్యోగి" కిందికి వస్తాడు. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. చిక్కంతా (సి)లో ఉంది. (ఎ)లో చెప్పినవారికి ఉన్న రక్షణలతో సమానమైన రక్షణలు అని (సి) అంటోంది. అంటే (ఎ)లో ఉన్న ప్రతి ఒక్కరికీ దౌత్య రక్షణలు ఉంటాయని చట్టం ముందే అనుకున్నట్టే. గూఢచారికి ఏ రక్షణ ఉంది? పట్టుబడితే జైలే. రక్షణలు లేనివాడు (ఎ)లోకి ఎలా వస్తాడు?

దౌత్యవేత్తల పిల్లలకు పౌరసత్వం ఎందుకు ఇవ్వరో ఆలోచిస్తే విషయం తేటపడుతుంది. దౌత్యవేత్త ఇక్కడుంటాడు గానీ ఈ దేశ చట్టానికి పూర్తిగా లోబడడు. కేసు పెట్టలేం, అరెస్టు చేయలేం. చట్టానికి లోబడని మనిషి బిడ్డకు చట్టం పౌరసత్వం ఇవ్వదు. దౌత్యవేత్తల రక్షణల మీద 1961లో కుదిరిన వియన్నా ఒప్పందంలోనూ కనిపించే సూత్రం ఇది. (విచిత్రమేమిటంటే ఈ అబ్బాయి తల్లిదండ్రులను మార్చుకున్నదీ వియన్నాలోనే.)

ఇక రిజిస్ట్రార్ దగ్గర ఏముంది? ఉత్తర్వు లేఖలో వివరణ దాదాపు లేదు. దాని వెనుక ఒక జూనియర్ ఎనలిస్టు తయారుచేసిన 12 పేజీల రిపోర్టు ఉంది. కేసంతా చివరికి ఆ 12 పేజీల మీదే నడిచింది. మనలాంటి వాళ్లు నేర్చుకోవాల్సిందీ అక్కడే ఉంది. ఆ రిపోర్టులో ఏముందన్నదాని కంటే ఏం లేదన్నది ముఖ్యమైంది.

(సి) ఊసు లేదు. వియన్నా ఒప్పందాన్ని కెనడా చట్టంగా మార్చిన విదేశీ దౌత్య కార్యాలయాల చట్టం వెలుగులో ఈ మినహాయింపు ఎందుకు పుట్టిందో చర్చ లేదు. అంతకుముందు ఇదే సెక్షన్ మీద వచ్చిన తీర్పులన్నీ దౌత్య రక్షణ ఉన్న కుటుంబాలవే. సౌదీ దౌత్యవేత్త కుటుంబానికి సంబంధించిన 2007 నాటి తీర్పు వాటిలో ఒకటి. ఆ తీర్పులు సెక్షన్‌ను ఏ కారణంతో సమర్థించాయో ఎనలిస్టు పట్టించుకోలేదు. ఇంత విశాలంగా చదివితే ఎంతమంది పిల్లలు పౌరసత్వం కోల్పోతారన్న ఆలోచన కూడా లేదు. రాయబార కార్యాలయంలో తోటమాలి, వంటమనిషి, విదేశీ ప్రభుత్వ కంపెనీ తరఫున వ్యాపారం పనిమీద వచ్చినవాడు, వీళ్లందరూ విదేశీ ప్రభుత్వ ఉద్యోగులే కదా.

ఇంకొక్క సంగతి. అబ్బాయి లాయరు జవాబులో ఈ వాదనలు ముందే పెట్టారు. రిజిస్ట్రార్‌కి తెలియదనడానికి లేదు. తెలిసీ వాటికి బదులు చెప్పలేదు.

మూడు కోర్టులు, మూడు దారులు

2015లో ఫెడరల్ కోర్టు అబ్బాయి పిటిషన్ కొట్టేసింది. 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఇద్దరికి ఒకరు మెజారిటీతో రద్దు ఉత్తర్వునే కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. అసలు కథ అక్కడ మొదలైంది, ఎందుకంటే సుప్రీంకోర్టుకు ఈ అబ్బాయి ఒక్కడి కథే కాదు, మరో తలనొప్పి కూడా ఉంది.

ప్రభుత్వ నిర్ణయాన్ని కోర్టు ఎంత లోతుగా తరచి చూడాలి? "ఇది తప్పు, సరైనది ఇదీ" అనవచ్చా, లేక "మేమైతే ఇలా చేయం, అయినా ఇది సమంజసంగానే ఉంది" అని వదిలేయాలా? ఈ కొలబద్ద మీద కెనడాలో దశాబ్దాలుగా గందరగోళం. 2008లో డన్స్‌మ్యూర్ తీర్పుతో మూడు కొలబద్దలను రెండు చేశారు. అయినా లాయర్లు అసలు విషయం కంటే ఏ కొలబద్ద వాడాలన్న దానిమీదే సగం రోజు వాదించేవాళ్లు. అందుకే సుప్రీంకోర్టు వావిలోవ్‌తో పాటు ఇంకో రెండు కేసులను కలిపి 2018 డిసెంబరులో మూడు రోజులు విన్నది. ఆ రెండూ సూపర్‌బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్ ప్రసారంలో అమెరికన్ యాడ్స్ చూపించాలా వద్దా అన్న తగాదా. గూఢచారుల కొడుకూ, బీర్ యాడ్‌లూ ఒకే గదిలో. కోర్టుల్లో ఇలాంటివి చూస్తూనే ఉంటాం.

2019 డిసెంబరు 19న తీర్పు. తొమ్మిదిమంది జడ్జీలూ ఫలితం మీద ఒక్కటే, అబ్బాయి కెనడా పౌరుడు. కారణాల మీద ఏడుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపు. ఏడుగురు చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. మామూలుగా కొలబద్ద సమంజసత్వమే. రాజ్యాంగ ప్రశ్నల్లాంటి కొన్నింట్లో మాత్రమే కోర్టు తానే సరైన జవాబు వెతుకుతుంది. అలాగని సమంజసత్వం అంటే కళ్లు మూసుకుని సంతకం పెట్టడం కాదు. అధికారి రాసిన కారణాలనే కోర్టు చదువుతుంది. ఆ కారణాలు ఒకదానికొకటి అతుకుతున్నాయా? చట్టం మాటలకూ, పాత తీర్పులకూ, ఎదుటి మనిషి చేసిన ముఖ్య వాదనలకూ బదులిస్తున్నాయా? మనిషి జీవితం మీద దెబ్బ ఎంత పెద్దదైతే వివరణ అంత గట్టిగా ఉండాలి. ఉత్తర్వు పిల్లాడి పౌరసత్వం తీసేస్తుంటే 12 పేజీల్లో అసలు ప్రశ్నకు జవాబు లేకపోవడం చిన్న లోపం కాదు.

హైదరాబాద్‌లో రిట్లు రాసిన అనుభవం ఉన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. నాకూ అనిపించలేదు. అక్కడ దీన్ని "స్పీకింగ్ ఆర్డర్" అంటాం. ఉత్తర్వు నోరు తెరిచి తన కారణం తాను చెప్పుకోవాలి. 1977లో మొహీందర్ సింగ్ గిల్ కేసులో మన సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన మాట జూనియర్లందరికీ కంఠతా. ఉత్తర్వులు పాత ద్రాక్షసారాలు కావు, నిల్వ ఉన్నకొద్దీ మెరుగవడానికి అన్నారాయన. రాసినప్పుడు లేని కారణాన్ని తర్వాత ప్రభుత్వం కోర్టులో వేసే కౌంటర్ అఫిడవిట్‌లో అతికించలేరు. కెనడా సుప్రీంకోర్టు ఉన్న ఒట్టావాలోనూ అదే ధర్మం. రిపోర్టులో లేని మంచి వాదనలు సుప్రీంకోర్టులో ప్రభుత్వ లాయర్ ఎన్ని వినిపించినా, కోర్టు చూసింది ఆ 12 పేజీలనే.

కారణాల కాగితం ఇంత ముఖ్యమవడానికి మూలం 1999 నాటి బేకర్ కేసు. జమైకా నుంచి వచ్చి ఇళ్లలో పనిచేసుకుంటూ, ఇక్కడే నలుగురు పిల్లలను కన్న తల్లిని పంపేయాలన్నారు. ఇచ్చిన లేఖలో కారణం లేదు. ఆమె తరఫువాళ్లు అడిగితే కింది అధికారి నోట్స్ బయటికొచ్చాయి. వాటిలో కొన్ని మాటలు పెద్ద అక్షరాల్లో, ఆమె మీద చులకన నిండి ఉన్నాయి. ఆ నోట్సే నిర్ణయానికి కారణాలు అంది సుప్రీంకోర్టు. ఆ తర్వాత నుంచి అధికారి నోట్స్ చూడకుండా ఈ దేశంలో ఎవరూ కేసు తీసుకోరు.

రిమాండ్ అనే మెలిక

మామూలుగా న్యాయ సమీక్షలో, అంటే ప్రభుత్వ నిర్ణయాన్ని కోర్టు తరచి చూసే కేసులో, గెలిస్తే దక్కేది ఒక్కటే. పాత నిర్ణయం రద్దు, ఫైలు మరో అధికారి దగ్గరికి (దీన్నే రిమాండ్ అంటాం, జైలు రిమాండ్ కాదు). ఆ కొత్త అధికారి మళ్లీ కాదనొచ్చు, ఈసారి మంచి కారణాలు రాసి. ఫోన్‌లో నేను "ఇవ్వరండీ" అనేది ఇందుకే.

మన తెలంగాణలోనే దీనికి ఉదాహరణ ఉంది. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్ పౌరసత్వం కేసు. 2009లో వచ్చిన భారత పౌరసత్వాన్ని కేంద్ర హోంశాఖ 2017లో రద్దు చేసింది. 2019 జూలైలో హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కనపెట్టి, ఆయన పౌరుడిగా కొనసాగడం ప్రజాహితమా కాదా అన్నది భారత పౌరసత్వ చట్టం సెక్షన్ 10(3) కింద చూసి మళ్లీ తేల్చమంది. ఆ రోజు అనుచరులకు అది గెలుపు. నవంబరులో హోంశాఖ మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో హైకోర్టు పిటిషన్ కొట్టేసి, 30 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. రెండు కేసుల వాస్తవాలకు పోలిక లేదు. రిమాండ్ ఆదేశం చేతికందిన రోజున స్వీట్లు పంచొద్దని చెప్పడానికే ఈ ప్రస్తావన.

వావిలోవ్‌కి ఆ గండం తప్పింది. సుప్రీంకోర్టు ఫైలు వెనక్కి పంపలేదు. తల్లిదండ్రులకు దౌత్య రక్షణలు లేవన్నది ఎవరూ కాదనని సంగతి. రక్షణలు లేకపోతే 3(2)(ఎ) వర్తించదు. ఇంకేం తేల్చాలి? వెనక్కి పంపినా మిగిలే జవాబు ఒక్కటే కాబట్టి పంపి లాభం లేదంది. ఇలా జరగడం అరుదు. తీర్పులోని ఈ పేరా చూపించి "మా కేసులోనూ ఇలాగే అడగండి" అనే క్లయింట్లున్నారు. అడుగుతాను. వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పను.

మన పిల్లల ఫైళ్ల దగ్గరికి వస్తే

స్టడీ పర్మిట్ (కెనడాలో చదువుకోవడానికి ఇచ్చే అనుమతి) రిజెక్ట్ అయితే అప్పీలు లేదు. ఉన్నది ఫెడరల్ కోర్టులో న్యాయ సమీక్ష, దానికి ముందు కోర్టు అనుమతి కావాలి. నిర్ణయం కెనడా బయట తీసుకుంటే నిర్ణయం తెలిసిన నాటి నుంచి 60 రోజులు, లోపల అయితే 15 రోజులు. కోర్టు ఫీజు 50 డాలర్లే, అసలు ఖర్చు లాయరుది. గెలిచినా ఆ ఖర్చు ప్రభుత్వం నుంచి వెనక్కి రాదు, ప్రత్యేక కారణం ఉంటే తప్ప. 2024 అక్టోబరు నుంచి స్టడీ పర్మిట్లకు కోర్టు ఒక చిన్నదారి పెట్టింది. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే అనుమతీ, అసలు విచారణా ఒకేసారి తేలుస్తారు. నెలల తరబడి ఎదురుచూపు కొంత తగ్గింది.

రిజెక్షన్ లేఖల్లో ఎక్కువగా కనిపించే వాక్యం, చదువయ్యాక మీరు దేశం విడిచి వెళ్తారన్న నమ్మకం నాకు కలగలేదు అన్నది. లేఖ అచ్చు కాగితం, అందులో ఏమీ ఉండదు. చూడాల్సింది అధికారి నోట్స్. 2025 జూలై వరకు వాటిని విడిగా తెప్పించుకోవాల్సి వచ్చేది. అవి కూడా నాలుగైదు వాక్యాలే ఉండొచ్చు. చిన్నవైనంత మాత్రాన తప్పు కాదు. రోజూ కుప్పలు తెప్పలుగా ఫైళ్లు చూసేవాడు వ్యాసం రాయలేడని కోర్టుకూ తెలుసు. ఆ నాలుగు వాక్యాలు ఫైల్లో ఉన్నదానికి బదులిస్తున్నాయా లేదా అన్నదే ప్రశ్న.

ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరు అమ్మాయి, సివిల్ బీటెక్, మూడేళ్లు సైట్‌లో ఉద్యోగం. కెనడాలో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదువుతానంది. అధికారి "ఈ కోర్సు ఆమె ఉద్యోగానికి ముందడుగులా లేదు" అని రాశాడు. ఆమె స్టడీ ప్లాన్‌లో (ఈ చదువు ఎందుకో వివరిస్తూ అప్లికేషన్‌తో పంపే రాత) తన కంపెనీ ఇచ్చిన లేఖ ఉంది, ఆ కోర్సు చదివొస్తే ప్రాజెక్ట్ బాధ్యత ఇస్తామని. అధికారి ఆ లేఖను తలవనైనా లేదు. ఇది నేను తీసుకునే కేసు. చిన్నపాటి వావిలోవ్. ముఖ్యమైన కాగితం ముందుంది, దానికి బదులు లేదు.

అదే అమ్మాయి స్టడీ ప్లాన్‌లో "కెనడా ప్రపంచస్థాయి విద్యకు నిలయం" అంటూ మొదలయ్యే, పది ఫైళ్లలో కనిపించే అవే మూడు పేరాలు ఉన్నాయనుకోండి. అధికారి అదే వాక్యం రాశాడు. ఇప్పుడు నేను కోర్టుకెళ్లి ఏం చూపించను? కంపెనీ లేఖ ఇప్పుడు తెస్తామంటారు. కుదరదు. అధికారి ముందు ఆ రోజు ఏముందో అదే రికార్డు, కొత్త కాగితం దాదాపుగా లోపలికి రాదు. ప్రభుత్వం కారణాలను తర్వాత అతికించలేనట్టే, మనం సాక్ష్యాన్ని తర్వాత అతికించలేం. అలాంటప్పుడు కోర్టు వద్దు, కొత్త అప్లికేషనే సరిగ్గా పెట్టుకోండి అంటాను. నాకు రావాల్సిన ఫీజు పోయినా, నా మనసుకు అదే సరి.

వావిలోవ్ గెలుపు సుప్రీంకోర్టులో వచ్చిందంటారు. నాకు మాత్రం అది 2014లోనే, రిజిస్ట్రార్ లేఖకు అతని లాయరు జవాబు రాసిన రోజే సగం వచ్చిందనిపిస్తుంది. ఆ జవాబులో వాదనలు లేకపోతే, 12 పేజీల్లో వాటికి బదులు లేదని ఐదేళ్ల తర్వాత ఎవరూ అనగలిగేవారు కాదు.

అందుకే ఫోన్ చేసినవాళ్లను నేను ముందు రెండే అడుగుతాను. రిజెక్షన్ ఏ తేదీన వచ్చింది? అప్లికేషన్‌తో పాటు పంపిన స్టడీ ప్లాన్ ఏది? మొదటిదానికి జవాబు వెంటనే వస్తుంది, ఆ తేదీ ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. రెండోదానికి అమ్మ నాన్నను అడుగుతుంది, నాన్న అబ్బాయిని అడుగుతాడు, కాసేపటికి అబ్బాయి లైన్లోకి వస్తాడు.

"అది మా దగ్గర లేదు సార్. కన్సల్టెన్సీ వాళ్లే రాశారు, నేను చూళ్లేదు."